అమ్మకి గాలి సోకిందంటున్నారు, డాక్టరేమో డిప్రెషన్ అంటున్నారు. ఇంట్లో వాళ్ళని ఎలా ఒప్పించాలి?

దివిసీమ_కుర్రాడు

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అమ్మకి యాభై నాలుగేళ్ళు. నాన్న పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయిన దగ్గర్నుంచి ఒళ్ళంతా మంటలు అంటుంది. గుండె దడ, మెడ పట్టేయడం, అరికాళ్ళలో సూదులు గుచ్చినట్టు ఉండటం. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది. అన్నం సహించడం లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఎన్ని సెలైన్లు ఎక్కించారో, ఎన్ని బలం ఇంజక్షన్లు చేశారో లెక్కలేదు. విజయవాడలో ఈసీజీ, స్కాన్, రక్తపరీక్షలు, థైరాయిడ్‌తో సహా అన్నీ చేయించాం. అన్నీ నార్మల్. చివరికి అక్కడి ఫిజీషియన్ 'ఇది డిప్రెషన్‌లా ఉంది, సైకియాట్రిస్టుకి చూపించండి' అని చీటీ రాసిచ్చారు.

ఆ చీటీ చూసి పెదనాన్న మండిపడ్డారు. 'మన వంశంలో పిచ్చి ఎవరికీ లేదు. చెల్లికి సంబంధాలు చూస్తున్న టైంలో పిచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్ళారని తెలిస్తే ఇక మన గడప తొక్కేదెవరు?' అన్నారు. మేనత్త లెక్క వేరు. నాన్న పోయిన తిథి మంచిది కాదట, ఆయన ఇంకా ఇల్లు వదల్లేదట. దర్గాలో మూడు గురువారాలు నిద్ర చేయిస్తే దిగిపోతుందంటోంది. అన్నయ్య న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి 'నాన్సెన్స్ ఆపి థెరపీ మొదలుపెట్టండి' అంటాడు. మా ఊళ్ళో థెరపీ ఎక్కడ దొరుకుతుందో వాడే చెప్పాలి.

నేను అందరి మధ్య నలిగిపోతున్నాను. ఇలాంటిది దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పెద్దవాళ్ళని ఎలా ఒప్పించారు?

రాత్రి_డ్యూటీ

తమ్ముడూ, నేను ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో స్టాఫ్ నర్సుని. ఒప్పించడం తర్వాత. ముందు ఇది చెప్పు. అమ్మ 'ఆయన దగ్గరికి వెళ్ళిపోతాను', 'నేనుండి ఏం లాభం' లాంటి మాటలు అంటోందా? నగలు, బ్యాంకు పుస్తకాలు పిల్లలకి అప్పగించడం లాంటివి చేస్తోందా? భర్త పోయిన ఆడవాళ్ళు ఆ మాట అంటే మన ఇళ్ళలో దాన్ని పతిభక్తి కింద జమకట్టి వదిలేస్తారు. వదిలేయకు. నేరుగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు, అడిగితే చాలామంది తేలికపడతారు.

మీది వ్యవసాయ కుటుంబమైతే ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటాయి. ఈ రోజే వాటిని ఇంటి నుంచి తీసేసి తాళం వేసి పెట్టు. రాత్రివేళ భయం వేస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మంటలు, దడ, సూదులు అన్నావు కదా. మా ఓపీలో నీ తల్లి వయసు ఆడవాళ్ళలో చాలామంది 'దిగులుగా ఉంది' అంటూ రారు. ఒళ్ళు మంటలని, తల దిమ్మని, గ్యాసని వస్తారు. వాళ్ళు నటించడం లేదు, ఆ మంట నిజంగానే ఉంటుంది.

హేతువు_ఒక్కటే

దర్గా మాట వినగానే నాకు ఏర్వాడి గుర్తొస్తుంది. 2001 ఆగస్టు 6. తమిళనాడు రామనాథపురం జిల్లా. దర్గా చుట్టుపక్కల నడిచే ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలివాళ్ళు గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది కాలిపోయారు. వాళ్ళని అక్కడ దింపింది ఎవరో కాదు, సొంత కుటుంబాలే. 'నమ్మకం' అని మర్యాదగా మాట్లాడుకునే దానికి అది అసలు ముఖం. గుడి అయినా దర్గా అయినా ఒకటే.

తమ్ముడూ, మీ అత్తతో బేరాలొద్దు. అమ్మని కారెక్కించి తీసుకెళ్ళిపోండి.

కొండకింద_హోటల్

హేతువు అన్నా, మీ కోపం అర్థమైంది. కానీ గుడి దగ్గర బతికేవాడిగా నాలుగు మాటలు చెప్పనివ్వండి. మాది కొండగట్టు పక్క ఊరు. అంజన్న దగ్గర మండలం రోజులు ఉంటే మతి కుదురుతుందని నమ్మి వచ్చేవాళ్ళని చిన్నప్పటి నుంచి చూస్తున్నా. పొద్దున్నే స్నానం, ప్రదక్షిణలు, ప్రసాదం, సాయంత్రం భజన. పక్కన తల్లో భార్యో ఉంటుంది. ఊళ్ళో అయితే 'పిచ్చోడు' అని పిల్లలు రాళ్ళేస్తారు. ఇక్కడ వాడూ ఒక భక్తుడే. ఎవరూ వింతగా చూడరు.

అందరూ బాగవుతారని నేననను. ఒక కుటుంబం గోళీలు మాన్పించి తీసుకొచ్చింది. వారం తిరక్కముందే పిల్లగాడు నిద్ర లేక, తిండి లేక, ఒకటే అరుపులు. నా హోటల్ ముందే ఆటో ఎక్కించి కరీంనగర్ పంపినం. అట్లాంటివి కూడా చూసినా. కానీ దేవుని దగ్గరికి వచ్చిన ప్రతివాడినీ గొలుసులతో కట్టేస్తారన్నట్టు మాట్లాడితే ఇక్కడి మనుషులు మీ మాట వినడం మానేస్తారు. వినడం మానేస్తే నష్టం ఆ పిల్లగాడికే కదా.

హేతువు_ఒక్కటే

ఆటో ఎక్కించారు కాబట్టి బతికాడు. అందరికీ మీ హోటల్ దొరకదు.

పీజీ_రెండో_ఏడాది

సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. ఇద్దరి మాటా ఒక పరిశోధన దగ్గర కలుస్తుంది, అందుకే చెప్తున్నా. తమిళనాడులోనే వేలాయుధంపాళయంపుదూరు అనే ఊళ్ళో ముత్తుస్వామి గుడి ఉంది. తీవ్రమైన మానసిక జబ్బుతో వచ్చినవాళ్ళు కుటుంబంతో సహా ఉచితంగా అక్కడ ఉండొచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు అక్కడ బస చేసిన 31 మందిని వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ పరీక్షించారు. ఉన్నది సగటున ఆరు వారాలు. లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గింది. 2002లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. భూతాలు వదిలించే తంతు ఏమీ లేదక్కడ. పొద్దున పూజ, మొక్కలకి నీళ్ళు పోయడం, ఊడవడం లాంటి చిన్న పనులు, తిట్టని మనుషులు.

చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు. దీన్ని చూపించి మందులు మానేయమంటే అది తప్పు. కానీ కొండకింద అన్న చెప్పిన 'వింతగా చూడరు' అనేదానికి బరువుందని మాత్రం తెలుస్తుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. లేని గొంతులు వినపడే స్కిజోఫ్రీనియా రోగులతో అమెరికా మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ బృందం మాట్లాడింది. చెన్నైలో 20 మంది, ఘనాలోని అక్రాలో 20 మంది, కాలిఫోర్నియాలో 20 మంది. కాలిఫోర్నియా వాళ్ళకి వినిపించేవి ఎక్కువగా కొట్టు, చంపు లాంటి మాటలు. చెన్నైలో చాలామందికి అమ్మ, అత్త, చెల్లెలు లాంటి బంధువుల గొంతులు. స్నానం చెయ్యి, వంట చెయ్యి, ఇల్లు సర్దు అని పురమాయింపులు! జబ్బు అదే, గొంతులు మాత్రం ఎవరింటివి వాళ్ళకి. మా ప్రొఫెసర్ ఈ పేపరు చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది, మా అందరి ఇళ్ళలోనూ ఆ గొంతులు మామూలుగానే వినపడతాయి కాబట్టి.

ఇక మీ అమ్మగారి విషయం. తెల్లవారుజామున మెలకువ, ఆకలి లేకపోవడం, మంటలు, పరీక్షలన్నీ నార్మల్, ఏడాది దాటిన దుఃఖం. డిప్రెషన్ అనుమానం సబబే. చూసి నిర్ధారించాల్సింది మాత్రం ఎదురుగా కూర్చున్న డాక్టరు. బి12 విటమిన్ పరీక్ష చేయించకపోతే ఒకసారి చేయించండి, అరికాళ్ళ సూదులు అది తగ్గినా రావచ్చు.

ఓరుగల్లు_పిల్ల

మా దిక్కు దీన్ని రంది అంటారు. 'మొగడు పోయిన రందిల పడ్డది' అంటే ఊరంతటికీ అర్థమైతది, మనిషిని ఒంటరిగా వదలరు. కానీ దవాఖాన అనగానే ఎర్రగడ్డ గుర్తొస్తది అందరికీ. చిన్నప్పుడు అల్లరి చేస్తే 'ఎర్రగడ్డల ఏస్తా' అని భయపెట్టేవాళ్ళు. విశాఖ వాళ్ళకి చినవాల్తేరు అట్లనే. మరి అదే ఆసుపత్రికి పొమ్మంటే ఎవరు పోతారు?

నాకో డౌటు ఉంది పీజీ గారూ. మా పెద్దమ్మకి ప్రతి ఆషాఢంల బోనాల రోజు అమ్మవారు పూనుతది. ఏడాదంతా కూలికి పోతది, లెక్కలు పైసతో సహా చెప్తది, మనవరాళ్ళని చూసుకుంటది. ఆమెకి కూడా జబ్బే అంటారా? హైదరాబాద్ కజిన్ అట్లనే అన్నడు, ఆమె ఏడ్చింది.

ఇంకొకటి. మా వదినకి కాన్పు అయిన వారానికి నిద్ర పోయింది, ఏదేదో మాట్లాడింది, బిడ్డని ఎవరో మార్చేశారన్నది. మా అమ్మమ్మ బాలింత సన్ని అని గుర్తుపట్టి అదే రాత్రి ఎంజీఎం దవాఖానకి తీసుకుపొమ్మన్నది. చదువుకున్న మా మామయ్యనే 'రెండు రోజులు చూద్దాం, ఎవరికీ చెప్పొద్దు' అన్నడు.

పీజీ_రెండో_ఏడాది

మీ అమ్మమ్మ గారికి దండం పెట్టాలి. కాన్పైన మొదటి రెండు వారాల్లో అలా మాట మారితే అది ఎమర్జెన్సీ. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. ఒక్క రాత్రి కూడా ఆగకూడదు, తల్లీబిడ్డల్ని ఒంటరిగా ఉంచకూడదు.

పెద్దమ్మ గారిది జబ్బు కాదు. పూనకం వచ్చే రోజు ముందే తెలుసు, చోటు తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని కోరుకుంటున్నారు, అయిపోగానే ఆమె మామూలు మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 కూడా ఒక సంస్కృతిలో, మతంలో భాగంగా అందరూ ఒప్పుకున్న పూనకాన్ని జబ్బు కింద లెక్కించొద్దని స్పష్టంగా చెప్తుంది. అదే ఏ పండగా లేని మంగళవారం, తను వద్దనుకున్నా పదే పదే వచ్చి, పనీ నిద్రా పాడైతే అప్పుడు చూపించాలి. మీ కజిన్‌కి ఇది చూపించండి.

లిథియం_లక్ష్మి

పైనుంచి కిందదాకా చదివాను. అత్త ఏమనుకుంటోందో తెలిసింది. పెదనాన్న ఏమనుకుంటున్నాడో, న్యూజెర్సీ అన్నయ్య ఏమనుకుంటున్నాడో తెలిసింది. హేతువాదం, అంజన్న, బెంగళూరు, కాలిఫోర్నియా అన్నీ తిరిగొచ్చాం. అమ్మ ఏమనుకుంటోంది? ఎవరైనా ఆవిడని అడిగారా?

నాకు బైపోలార్, అంటే కొన్నాళ్ళు పట్టలేని హుషారు, కొన్నాళ్ళు దిగులు. కాలేజీ రోజుల నుంచి మందుల మీద ఉన్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. మొదటిసారి నాకు జబ్బు చేసినప్పుడు మా హాల్లో పద్నాలుగు మంది చుట్టాలు కూర్చుని నా గురించి మాట్లాడారు. నేను పక్క గదిలో ఉన్నాను. తాయెత్తు కట్టాలన్నవాళ్ళూ, కరెంటు షాక్ పెట్టించాలన్నవాళ్ళూ ఇద్దరూ ఒకేలా మాట్లాడారు, నేను అక్కడ లేనట్టు.

తాయెత్తు ఇప్పటికీ ఉంది నా చేతికి. అమ్మమ్మ కట్టింది, తీయలేదు. నా డాక్టర్ కూడా ఎప్పుడూ తీయమనలేదు. ఆయన వద్దన్నది ఒక్కటే, కార్తీకమాసంలో నీళ్ళు కూడా తాగకుండా ఉపవాసాలు. ఒంట్లో నీరు తగ్గితే నేను వాడే లిథియం మందు రక్తంలో పెరిగి విషమవుతుంది. రంజాన్ రోజా ఉండేవాళ్ళకీ అదే సంగతి, ముందుగా డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఇలాంటిది చెప్పాలంటే ఆయనకి నేను ఉపవాసాలుంటానని తెలియాలి కదా. మొదటి డాక్టర్ పూజల మాట ఎత్తితేనే మొహం చిట్లించేవారు. అందుకే ఆయనకేమీ చెప్పలేదు, పొట్ట తిప్పేసి సెలైన్ పెట్టించుకునేదాకా.

దివిసీమ_కుర్రాడు, ఎవర్ని ఒప్పించాలి అనే ప్రశ్న ఒక రోజు పక్కన పెట్టి అమ్మ దగ్గర కూర్చోండి. ఎందుకిలా అయిందనుకుంటున్నావమ్మా అని అడగండి.

దివిసీమ_కుర్రాడు

రాత్రి_డ్యూటీ అక్కా, మీరన్నట్టు అడిగాను. చచ్చిపోవాలని లేదంది. 'చెల్లి పెళ్ళి కాకుండా ఎలా పోతానురా' అంది. డబ్బాలు మాత్రం మోటార్ షెడ్‌లో పెట్టి తాళం వేశాను.

లక్ష్మి గారూ, నిన్న రాత్రి అరుగు మీద కూర్చుని మీరు చెప్పిన మాట అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, గాలీ లేదు ధూళీ లేదురా, మీ అత్త మాట కాదనలేక ఊరుకున్నా అని. ఆవిడ చెప్పింది వేరే. మా వీధిలో పేరంటం అంటే మొదటి పిలుపు అమ్మకే వచ్చేది. శ్రావణమాసం వస్తే ఇంట్లో నానబెట్టిన శనగలు తినలేక చచ్చేవాళ్ళం. నాన్న పోయాక ఒక్క పిలుపు లేదు. ఎవరూ రావద్దనలేదు, పిలవడం మానేశారంతే. ఎదురింటివాళ్ళు ప్రయాణమై బయల్దేరుతుంటే తనే లోపలికి వచ్చేస్తుందట, ఎదురుపడకూడదని. చెల్లికి పెళ్ళిచూపులు జరిగిన రోజు వంటగదిలోనే ఉండిపోయింది. పనిలో ఉందనుకున్నాం మేమంతా. మంటలు మొదలైంది ఆ వారంలోనేనట.

ఒకే ఇంట్లో ఉంటున్నాను నేను.

రాత్రి_డ్యూటీ

అదీ సంగతి. ఈ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, 'నిద్ర లేదు, ఆకలి లేదు' దగ్గరే ఆగిపోకు. మంచి డాక్టరైతే ఆయనే అడుగుతారు, కానీ ప్రభుత్వ ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు. కాయితం మీద రాసుకుని వెళ్ళు.

డాలస్_సుబ్బు

మా ఇంట్లో ఇదే కథ ఇంకో వైపు నుంచి జరిగింది. నేను ఇక్కడ థెరపీకి వెళ్ళాను. రోజూ అమ్మతో ఫోన్లో మాట్లాడతాననీ, జీతంలో కొంత ఇంటికి పంపుతాననీ, చెల్లి పెళ్ళి అప్పు నా పేరు మీద ఉందనీ చెప్తే మొదటి థెరపిస్టు అదే జబ్బు అన్నట్టు చూసింది. గీత గీసుకో, నీ జీవితం నీది అంటుంది. అమ్మకి ఫోన్ మానేస్తే నాకు తగ్గుతుందా పెరుగుతుందా అని అడిగితే సమాధానం లేదు. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడ పుస్తకంలో మా ఇల్లు లేదు.

తర్వాత దొరికినావిడ మొదటి గంటంతా ప్రశ్నలే అడిగింది. ఈ బాధని మీ ఇంట్లో ఏమంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇలాంటప్పుడు మీ ఊళ్ళో ఎవరి దగ్గరికి వెళ్తారు, నా దగ్గర ఏం చెప్పడానికి ఇబ్బందిగా ఉంది అని. తర్వాత తెలిసింది, అమెరికా సైకియాట్రీ వాళ్ళ జబ్బుల పుస్తకం డీఎస్ఎమ్-5లోనే 2013 నుంచి 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి ఉందని, అచ్చంగా ఇందుకోసమే. ఉండటం వేరు, వాడటం వేరు అనుకోండి.

దివిసీమ తమ్ముడూ, మీ అన్నయ్యని తిట్టకండి. దూరంగా ఉన్నవాడికి చేతకానితనం నాన్సెన్స్ అనే మాటగా బయటకొస్తుంది. డబ్బు పంపమనండి, రోజూ అమ్మతో ఒక అరగంట పిచ్చాపాటీ మాట్లాడమనండి, థెరపీ గురించి కాకుండా.

హేతువు_ఒక్కటే

ఎదురు రావడం, పేరంటాలు. అంటే జబ్బు చేసిందీ ఆచారమే, దాన్ని పట్టుకుని నాన్న దెయ్యమయ్యాడని చెప్పిందీ ఆచారమే. మాత్రలు వేసి ఆవిణ్ణి మళ్ళీ అదే వంటగదిలోకి పంపిస్తే సరిపోతుందా? ఇది డాక్టర్లు కూడా ఆలోచించాలి.

పీజీ_రెండో_ఏడాది

ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. మాత్ర పనిచేస్తుంది, నిద్ర వస్తుంది, మంట తగ్గుతుంది. పేరంటం పిలుపుని మాత్రం అది తెచ్చిపెట్టదు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఊళ్ళో అవ్వలకి శిక్షణ ఇచ్చి క్లినిక్ బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. 'ఆలోచనలు ఎక్కువైపోయాయి' అంటూ వచ్చేవాళ్ళతో ఆ అవ్వలు మాట్లాడి, ఒక్కో సమస్యనీ విడదీసి ఈ వారం ఏం చేయగలవో చూద్దాం అంటారు. దాని మీద 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో లక్షణాలు బాగా తగ్గినట్టు తేలింది. మన దగ్గర 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్, ఆందోళన లాంటివి ఉన్నవాళ్ళలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే చేసింది 12 రాష్ట్రాల్లో, మన రెండూ అందులో లేవు. ఇక్కడ పరిస్థితి ఇంకా బాగుంటుందని ఆశ పడటానికి నాకైతే కారణం కనపడదు. డాక్టర్లతోనే ఈ లోటు తీరదు.

మండల_కోర్టు_వకీలు

పెదనాన్న గారి భయం గురించి ఎవరూ మాట్లాడలేదు, అది ఉత్తి భయం కాదు. సంబంధాల వేళ ఇలాంటి కబురు ఊరు దాటడానికి ఒక పూట చాలు. ఆయనతో చట్టం భాషలో మాట్లాడండి, ఆ తరం వింటుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం మానసిక స్థితి ప్రశ్న వచ్చేది పెళ్ళి చేసుకునే ఇద్దరి విషయంలోనే. తల్లికి డిప్రెషన్ ఉంటే కూతురి పెళ్ళి చెల్లకుండా పోదు.

నా దగ్గరికి వచ్చే కేసులు వేరేలా ఉంటాయి. అబ్బాయికో అమ్మాయికో జబ్బుంటుంది, 'పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది' అని దాచి చేస్తారు. పెళ్ళిలో నిద్రలుండవు, కొత్త ఇంట్లో మాత్ర మింగడానికి చోటుండదు, మూడో వారానికి జబ్బు తిరగబెడుతుంది. తర్వాత మోసం చేశారని కేసు. ఎక్కువ దెబ్బ తినేది అమ్మాయిలే, పుట్టింటికి తిరిగొచ్చేస్తారు. జబ్బు పేరు చెబితే చాలు విడాకులు వచ్చేస్తాయనుకోవడం కూడా పొరపాటు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన ఒక కేసులో 2013లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. స్కిజోఫ్రీనియా అని రాసి ఉంటే సరిపోదు, కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందని రుజువు కావాలి అని.

ఇంకో రెండు ముక్కలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకి ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని కూడా చెప్పింది. కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఆగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

లిథియం_లక్ష్మి

వకీలు గారూ, దాచకూడదు సరే. చెబితే ఎన్ని సంబంధాలు నిలబడతాయో మీరే చెప్పండి. నేను చెప్పాను. రెండో కాఫీ రాకముందే లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు.

మండల_కోర్టు_వకీలు

నిజమేనమ్మా. దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. ఎవరో మందుల పేర్లూ డోసులూ అడుగుతూ పోస్టు పెట్టారు, తీసేశాను. అవి డాక్టర్ దగ్గరే.

రాత్రి_డ్యూటీ

పెదనాన్నకి ఇంకొకటి చెప్పు. కుటుంబం పక్కన ఉండటం మన దగ్గర కొత్తగా కనిపెట్టింది కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో విద్యాసాగర్ అనే డాక్టర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగి వెంట కుటుంబాన్ని కూడా ఉంచారు. రోగులు తొందరగా ఇళ్ళకి వెళ్ళిపోయేవారు, చూసి వెళ్ళినవాళ్ళు ఊళ్ళలో జబ్బంటే భయం పోగొట్టేవారు. వెల్లూరు సీఎంసీ మానసిక విభాగంలో ఇప్పటికీ కుటుంబ సభ్యుడు తోడుండటం పద్ధతి. కాబట్టి ఆయన్ని శత్రువుగా చూడకుండా పని అప్పజెప్పు. 'డాక్టర్ ఏమంటారో మీరే విని చెప్పండి, నాకు అర్థం కాదు' అను.

అత్తతో కూడా గొడవ వద్దు. గుజరాత్‌లో ఉనావా అనే ఊళ్ళో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ 'దవా-దువా' (మందూ ప్రార్థనా) అని, దర్గా చూసుకునే ముజావర్లకే శిక్షణ ఇచ్చారు. వాళ్ళు ప్రార్థన చేసి, పక్కనే ఉన్న క్లినిక్‌కి చీటీ రాసి పంపుతారు. ముజావర్ చెబితే మాత్ర వేసుకోని మనిషి ఉండడు. దర్గాకి వెళ్ళండి, మాత్ర జేబులో పెట్టుకుని వెళ్ళండి. కట్టడం, కొట్టడం, పొగబెట్టడం, కళ్ళల్లో కారం, పసరు తాగించడం, వీటిలో ఏది మొదలైనా లేచి వచ్చేయండి. ఇది బేరం లేని గీత.

హేతువు_ఒక్కటే

దువా భాగం నాకు మింగుడు పడదు. కానీ చివరి గీత దగ్గర నేనూ నిలబడతాను.

దివిసీమ_కుర్రాడు

కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

పెదనాన్నకి 'మీరే విని చెప్పండి' మంత్రం పనిచేసింది. డాక్టర్ గదిలోకి ముందు ఆయనే నడిచారు. డాక్టరమ్మ అమ్మతో నాన్న గురించి, పేరంటాల గురించి చాలాసేపు మాట్లాడింది, నా కాయితం తీసుకుని చదివింది. దర్గా సంగతి అత్త భయపడుతూ చెబితే 'వెళ్ళండి, రాత్రి మాత్ర మాత్రం మానొద్దు' అంది. దాంతో అత్త ఆవిడ మనిషైపోయింది. బయటికొచ్చాక పెదనాన్న ఊళ్ళో ఎవరడిగినా 'నరాల డాక్టర్‌కి చూపించాం' అంటున్నారు. నేను సరిదిద్దలేదు. హేతువు అన్న ఏమంటారో మరి.

మూడు గురువారాలూ అయ్యాయి. అమ్మ నిద్ర కాస్త మెరుగు, నాలుగున్నరదాకా పడుకుంటోంది. మంటలు ఉన్నాయి, తగ్గాయంటుంది. ఎదురింటి పిన్ని గారితో చెల్లి ఏం మాట్లాడిందో తెలియదు, మొన్న వాళ్ళ మనవడి అన్నప్రాసనకి ఇంటికొచ్చి అమ్మని పిలిచారు. అమ్మ వెళ్ళింది, వెనక వరసలో కూర్చుంది. పిన్ని గారి అత్తగారు మొహం మాడ్చుకుందని చెల్లి అంటోంది. నేను చూడలేదు.

ఒక సందేహం. మాత్ర వేసుకున్న మొదటి రోజుల్లో వికారం ఉండేది, ఇప్పుడు లేదు. నిద్ర పడుతోంది కాబట్టి మాత్ర ఆపేయొచ్చు కదా, అలవాటైపోతుందేమో అని పెదనాన్న అంటున్నారు.

రాత్రి_డ్యూటీ

ఆపొద్దు. ఈ రకం మందులు పని మొదలుపెట్టడానికే రెండు మూడు వారాలు పడుతుంది, బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడతారు. ఎప్పుడు ఎలా తగ్గించాలో డాక్టరమ్మ చెబుతుంది. అలవాటు పడిపోయేవి నిద్ర మాత్రలు. ఆర్ఎంపీ గారు విడిగా ఏమైనా ఇచ్చారేమో ఇల్లంతా వెతికి చీటీతో సహా పట్టుకెళ్ళి చూపించు, వాటినీ నీ అంతట నువ్వు ఆపకు. బి12 రిపోర్టు కూడా తీసుకెళ్ళు, ఆ సంగతి మళ్ళీ ఎక్కడా రాయలేదు నువ్వు.

పెదనాన్న అడిగిన ప్రశ్నే వచ్చే విజిట్‌లో ఆయనచేతే అడిగించు.